బ్యాటరీ తప్పేమీ లేదు

పరగోడులో నిదానం గురించి మాట వస్తే జనం లక్ష్మణప్ప పేరే చెప్పేవారు. పాల డైరీకి చాలాకాలం అధ్యక్షుడిగా చేసిన మనిషి. తెల్ల చొక్కా నలగకుండా బతికిన మనిషి. ఆయన స్కూటరు మీద బాగేపల్లికి బయలుదేరితే పక్కన నడిచిపోయేవాళ్ళు కూడా కబుర్లు చెప్పుకుంటూ తోడు వెళ్ళవచ్చని వెనకాల నవ్వుకునేవారు. ముందర మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. కుర్రవాళ్ళు ఎవరైనా మోటారు సైకిలు మీద వీధిలో దుమ్ము రేపుకుంటూ పోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఇంజను ఆర్పించి మరీ బుద్ధి చెప్పేవాడు.

"యాక్సిలరేటరు ఉండేది తిప్పేకి కాదురా, పట్టుకునేకి. యాడికి పోతాండావు అంత బిన్నా? ఆడ నీకోసం ఎవరు కాసుకోనుండారు?"

ఈ మాట హనుమక్క కాపురానికి వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉంది. భర్త బండెక్కితే దేవుడికి దండం పెట్టుకోవాల్సిన అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. వంట పూర్తిచేసి, పడుకుని ఒక కునుకు తీసి లేచినా ఆయన ఇంకా రాడన్నదే ఆమెకున్న ఒకే ఒక్క బాధ. అందుకే ఇంటికి కరెంటు కారు వచ్చినప్పుడు ఆమె ఏమాత్రం కంగారు పడలేదు.

కారు కొనాలన్నది కోడలు నయన ఆలోచన. ఆమె బాగేపల్లిలో బ్యాంకు ఉద్యోగి. కొడుకు అమరేష్ ఊళ్ళోనే షేడ్ నెట్ వేసి క్యాప్సికం పండిస్తాడు, పొద్దున లేస్తే ఆ పందిరి వదిలి బయటికి రాడు. వారంలో ఎక్కువ రోజులు కారు నయనది. ఆదివారం, బుధవారం మాత్రం లక్ష్మణప్పది. చింతామణి మార్కెట్టులో టమోటా మండీ ఒకటి ఉంది, అందులో ఆయనకూ, హనుమక్క తమ్ముడు శ్రీనివాసప్పకూ భాగం. ఆ రెండు రోజులూ ఆయన అక్కడ కూర్చుని రావాలి. ఇదివరకు బస్సులో పోయేవాడు. ఇప్పుడు తెల్ల చొక్కాకు తోడు తెల్ల కారు.

మొదటి తగాదా ఛార్జింగుతో వచ్చింది. సాయంత్రం కారుకు తీగ తగిలిస్తే గోడకు బిగించిన పెట్టెలో పచ్చదీపం వెలిగేది. కాసేపటికి ఎర్రదీపం వచ్చి కూర్చునేది. పొద్దున చూస్తే కారు కడుపు సగం కూడా నిండి ఉండేది కాదు. అమరేష్ వోల్టేజి చాలడం లేదన్నాడు. లక్ష్మణప్పకు అంత దూరం పోవలసిన అవసరం కనిపించలేదు.

"మీ అమ్మ గ్రైండరులో దోసెల పిండి రుబ్బేటప్పుడే కరెంటు పోతాది. నేను కండ్లారా చూసినా."

రెండు రోజులు ఇంట్లో దోసెలు లేవు. ఎర్రదీపం మాత్రం వేళ తప్పకుండా వచ్చింది. మూడోరోజు ఉప్మా చూసి లక్ష్మణప్పే ముఖం ముడుచుకుని, బాగేపల్లి నుంచి కరెంటు పని చేసే అంబరీష్‌ను పిలిపించాడు.

అంబరీష్ మీటరు పెట్టి అటూ ఇటూ చూసి, ఇంటి వెనక, కరెంటు తీగను నేలలోకి దింపిన అర్తింగు గుంత దగ్గర కూర్చుని మట్టి పిడికిట్లోకి తీసుకున్నాడు. అది పిండిలా జారిపోయింది.

"ఇదప్పా సంగతి. ఎండకు నేలంతా ఎండిపోయిండాది, తేమ ల్యాదు. అర్తింగు సరిగ లేకుంటే ఈ కార్లు కరెంటు తీసుకోవు. ఏమన్నా అయితాదేమో అని వాటంతట అవే ఆపేసుకుంటాయి."

"మరి గ్రైండరు?" అన్నాడు లక్ష్మణప్ప, ఆఖరి ఆశగా.

"గ్రైండరు పాపం ఏం చేసిందప్పా?"

గుంత మళ్ళీ తవ్వి, బొగ్గులూ ఉప్పూ వేసి, ఒక గొట్టం నిలబెట్టి, వానలు పడేవరకూ అందులో దినమూ బిందెడు నీళ్ళు పోయమని చెప్పి అంబరీష్ వెళ్ళిపోయాడు. ఆ పని ఎవరిదని ఇంట్లో ఎవరూ అడగలేదు. సాయంత్రం పూట బిందె ఎత్తుకుని వచ్చింది హనుమక్కే. పక్కింటి అంజనమ్మ గోడ మీదుగా రెండు రోజులు చూసి, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమక్కా, ఆడ ఏం నాటినావు? మొలక ఏమీ అగుపించదే?"

"కారుకు నీళ్ళు పోస్తాండానే," అంది హనుమక్క.

అంజనమ్మకు అర్థం కాలేదు కానీ ఊరంతా చెప్పింది. ఏమైతేనేం, ఆ రోజు నుంచి పచ్చదీపం తెల్లవార్లూ వెలిగింది. కారు నిండు కడుపుతో నిద్ర లేచేది.

అప్పుడు రెండో తగాదా మొదలైంది. నిండా ఛార్జింగు ఉంటే తెర మీద చూపే లెక్క ప్రకారం చింతామణికి పోయి వచ్చి, మళ్ళీ ఒకసారి పోయి రావచ్చు. లక్ష్మణప్ప ఒక్కసారి పోయి వచ్చేసరికే కారు ఆయాసపడుతూ గుమ్మం ముందు ఆగేది. ఒక ఆదివారం అదీ లేదు. బాగేపల్లి చేరుతూనే అధ్యక్షుల కారు చతికిలబడింది. తెలిసినవాళ్ళ రైసు మిల్లులోకి నలుగురు తోసి, అక్కడి ప్లగ్గుకు తగిలిస్తే, ఇంటికి రావడానికి సరిపడా ఎక్కేసరికి మధ్యాహ్నమంతా గడిచింది. ఆయన అంతసేపూ ఊక ధూళిలో కుర్చీ వేసుకుని, వచ్చిపోయే వాళ్ళందరికీ "ఏమీ లేదప్పా, ఊరికే" అని చెబుతూ కూర్చున్నాడట.

ఇంటికి వచ్చి చొక్కా విప్పుతూ ఆయన అమరేష్‌కు తీర్పు చెప్పేశాడు.

"అంతా ఏసీ వల్ల. పోయిన వారం మీ అమ్మ నాతో చింతామణికి వచ్చింది సూడు, కూచున్న కాడినుంచి దిగేదాకా ఏసీ. దానికి తోడు రెండు మూటల చెనిక్కాయలు."

హనుమక్క వంటింట్లోంచి బయటికి వచ్చింది. "నేను వచ్చిన దినం సగానికి మించి మిగిలింది గదా? నువ్వే చూపిచ్చినావు."

"ఆ పొద్దు దాచిపెట్టుకోని ఇప్పుడు చూపిస్తాండాది. బ్యాటరీకి ఒకసారి ఏసీ అలవాటు అయితే అంతే."

అమరేష్ నవ్వు ఆపుకోలేక పందిరి వైపు వెళ్ళిపోయాడు. హనుమక్కకు మాత్రం నవ్వు రాలేదు. ఇంట్లో పాలు విరిగినా, మోటారు కాలినా ఎవరో ఒకరి మీదికి తోయడం మగవాళ్ళకు అలవాటేనని ఆమెకు తెలుసు. కానీ అరవై దగ్గర పడ్డాక, ఒక్కసారి చల్లగా కూర్చుని తమ్ముడి ఇంటికి పోయి వచ్చినందుకు ఇంత మాటా? ఆ పూట ఆయన కంచంలో పచ్చడి వెయ్యలేదు. ఆయన అడగనూ లేదు.

నయన ఇదంతా విని, "మామా, ఒక్కొక్కటి మార్చి చూద్దాం. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్లనో తెలీదు," అంది.

మొదట చక్రాల్లో గాలి చూశారు. తక్కువే ఉంది, కొట్టించారు. బుధవారం లక్ష్మణప్ప పోయి వచ్చాడు. కారులో మిగిలింది అంతంతమాత్రమే. తర్వాత కారు నెత్తిన బిగించిన సామాన్ల చట్రం తీసేశారు, గాలిని అడ్డగిస్తుందని. ఆదివారమూ అదే కథ. మూడోసారి ఏసీ వెయ్యకుండా పొమ్మన్నారు. ఇందుకు ఆయన ఎంత సంతోషంగా ఒప్పుకున్నాడంటే, నేరం రుజువు కాబోతోందన్నట్టు హనుమక్క వైపు ఒక చూపు చూసి మరీ బయలుదేరాడు.

సాయంత్రం వచ్చినప్పుడు చూస్తే కారులో మిగిలింది ముందుకంటే కూడా తక్కువ. ఆయన తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలూ ఆకాశం వైపు లేచి నిలబడి ఉన్నాయి. భుజం మీద తువ్వాలు లేదు.

"తువ్వాలు యాడ?" అంది హనుమక్క.

"మండీలో మరిసిపోయినా."

"తల యాల అట్ల ఉండాది?"

"ఏసీ లేదు గదే, కిటికీలు దించినా. గాలి."

చేలూరు మీదుగా ఆ గుంతల దారిలో ఆయన పోయే వేగానికి అంత గాలి ఎక్కడి నుంచి వచ్చిందో హనుమక్కకు అంతుపట్టలేదు. కానీ ఏసీ పేరు ఆ రోజుతో కొట్టుకుపోయింది కనుక, ఆమె ఆ సంతోషంలో గాలి సంగతి వదిలేసింది. పచ్చడి మళ్ళీ కంచంలోకి వచ్చింది.

రెండో శనివారం బ్యాంకుకు సెలవు. "అత్తా, ఈసారి మనమిద్దరం పోదాం రండి. ఏసీ వేసుకోనే పోదాం," అంది నయన. హనుమక్క పట్టుచీర కట్టుకుని, చెనిక్కాయల మూట ఒకటి, క్యాప్సికం మూట ఒకటి వెనక పెట్టించి, దర్జాగా ముందు సీట్లో కూర్చుంది. చేలూరు మీదుగా చింతామణి చేరారు. శ్రీనివాసప్ప ఇంట్లో అతని భార్య హేమావతి భోజనం పెట్టి, వక్కాకు ఇస్తూ మాటల్లో మాటగా అంది.

"ఏమొదినా, మీరు ఈ దిక్కునుంచి వచ్చినారే? అన్న ఎప్పుడూ శిడ్లఘట్ట దారినుంచి వస్తాడు. పోయేది కూడా అట్లే పోతాడు."

హనుమక్క నోట్లో వక్కపలుకు ఆగిపోయింది.

శిడ్లఘట్ట దారి! పరగోడు నుంచి చింతామణికి రావాలనుకున్నవాడు శిడ్లఘట్ట మీదుగా రావాలంటే, ముందు హైవే ఎక్కి చిక్కబళ్లాపురం దాకా పోవాలి. అక్కడి నుంచి వెనక్కు తిరగాలి. అది దారి కాదు, ప్రదక్షిణం. చేతిలో పని ఉన్న మనిషి ఎవరూ అట్లా రారు. మరి ఆయన ఎందుకు వస్తున్నాడు? ఎవరి కోసం?

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చాలా ఏళ్ళ కిందటి మాట ఒకటి మనసులో మెదిలింది. ఆమెతో పెళ్ళి కుదరక ముందు లక్ష్మణప్పకు సాదలిలో ఒక సంబంధం చూశారు. సాదలి శిడ్లఘట్ట తాలూకాలోనిదే. పట్టుపురుగులు పెంచే ఇల్లు, అమ్మాయి ఎర్రగా బుర్రగా ఉండేదట. జాతకాలు కలవలేదు. హనుమక్క వంటలో ఉప్పు ఎక్కువైనప్పుడల్లా అత్తగారు, "సాదలి పిల్లయితేనా..." అని నిట్టూర్చేది. ఆ సాదలి పిల్లకు ఇప్పుడు మనవళ్ళు పుట్టి ఉంటారు. పళ్ళు కూడా కొన్ని ఊడి ఉంటాయి. అయినా హనుమక్కకు ఎందుకో పట్టుచీర ఉక్కపోసింది, ఏసీ చల్లగా వీస్తున్నా కూడా.

ఇంటి ముందు కారు ఆపి నయన తెర వైపు చూసింది. సగానికంటే ఎక్కువే మిగిలి ఉంది. ఆమె ఇంకేవో అంకెలు కూడా చూసి, పెదవులు బిగించుకుంది. ఆ పెదవుల చివర్లలో ఏదో కదిలినట్టుంది గానీ, హనుమక్క ఉన్న స్థితిలో అది గమనించలేదు.

"చూసినారా మామా? ఏసీ వేసుకోని, మూటలు వేసుకోని పోయినాం. ఇంత మిగిలింది," అంది నయన.

లక్ష్మణప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్ళు తోలితే దానికి మర్యాద ఎక్కువేమో."

"బ్యాటరీలోనే ఏదో ఉండాల. చిక్కబళ్లాపురంలో సర్వీసు సెంటరుకు తీసుకపోండి మామా. అత్తనూ పిలుచుకోని పోండి," అంది కోడలు.

"ఆయమ్మ యాల?"

"నేను వస్తా," అంది హనుమక్క. ఆ గొంతు విని లక్ష్మణప్ప సరేనని తల ఊపాడు.

సోమవారం పొద్దున్నే బయలుదేరారు. బ్యాటరీ బాగా దిగి ఉంటే పరీక్షకు మంచిదని సర్వీసు వాళ్ళు ఫోనులో చెప్పారు కాబట్టి ఆదివారం మండీకి ఆయన బస్సులోనే పోయి వచ్చాడు, కారును శనివారం నుంచి ఛార్జింగు పెట్టకుండానే పట్టుకొచ్చారు. హైవే మీద లక్ష్మణప్ప నలభైలో తోలాడు. వెనక లారీలు హారను కొట్టీ కొట్టీ విసిగి పక్కనుంచి పోయాయి. ఆయన స్టీరింగును రెండు చేతులతో పట్టుకుని పాఠశాల పిల్లవాడిలా నిటారుగా కూర్చున్నాడు. హనుమక్క రోడ్డును కాదు, ఆయన్నే చూస్తూ కూర్చుంది.

సర్వీసు సెంటరులో లోకేశ్ అనే కుర్రవాడు కారుకు ఒక తీగ తగిలించి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"బ్యాటరీ బాగుండాది సార్. ఏమీ తప్పు లేదు. మీరు మామూలుగా ఎంత స్పీడులో తోలతారు?"

"నలభై," అన్నాడు లక్ష్మణప్ప. తర్వాత న్యాయంగా ఉండాలనిపించిందేమో, "ఎప్పుడన్నా నలభై అయిదు," అని కలిపాడు.

లోకేశ్ ల్యాప్‌టాప్ వైపు చూశాడు. లక్ష్మణప్ప తెల్ల చొక్కా వైపు చూశాడు. మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు చూశాడు.

"సార్, ఇందులో..."

"నాయనా, రొంత ఇట్ల రా," అని లక్ష్మణప్ప అతని భుజం మీద చెయ్యి వేసి అద్దం తలుపు అవతలికి తీసుకుపోయాడు. హనుమక్కకు మాటలు వినిపించలేదు. ఆయన చేతులు తిప్పడం, కుర్రవాడు తల ఊపడం, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం కనిపించాయి. లక్ష్మణప్ప నీళ్ళు తాగి వస్తానని అటే వెళ్ళాడు. లోకేశ్ ఒక్కడే లోపలికి వచ్చాడు.

ఆమె లేచి నిలబడింది. "బాబూ, నాకి ఒకటే చెప్పు. శిడ్లఘట్ట కాడ ఈ బండి ఎంతసేపు నిలబడతాండాది?"

"నిలబడేదా?" లోకేశ్ తెల్లబోయాడు. "యాడా నిలబడదమ్మా! అదే గదా సమస్య. నిలబడితే బ్యాటరీ యాల అయిపోతాది?"

"అంటే?"

"హైవే ఎక్కితే నూటపది, నూటపదహైదు. ఈ లెక్కన తోలితే ఏ బ్యాటరీ అయినా సగం దూరమే వస్తాది. గాలిని తోసుకోని పోవాల గదమ్మా, దానికే అంతా ఖర్చయితాది. వాళ్ళ మనవడు ఎవరన్నా ఎత్తుకపోతాండాడేమో అనుకున్నా. సారు..." అని అతను నాలుక కరుచుకున్నాడు. "నేను చెప్పినానని చెప్పద్దమ్మా."

హనుమక్క మెల్లగా కుర్చీలో కూర్చుంది. సాదలి లేదు, ఎర్రటి పిల్ల లేదు, ఎవరూ లేరు. పాల డైరీ మాజీ అధ్యక్షులు లక్ష్మణప్పగారు ఈ వయసులో, తెల్ల చొక్కా వేసుకుని, కిటికీలు దించుకుని, తువ్వాలు గాలికి పోగొట్టుకుని, నూటపదహైదులో పోతున్నారు. కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చి, చీర కొంగు నోట్లో కుక్కుకోవలసి వచ్చింది. లోకేశ్ భయపడి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

తిరుగు ప్రయాణంలో చిక్కబళ్లాపురం దాటేవరకూ ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. ఆయన మళ్ళీ నలభైలో పోతున్నాడు.

"బ్యాటరీ బాగుండాదంట," అన్నాడు ఉండబట్టలేక. "ఎండల వల్ల అంట."

"ఓ."

"కొత్త బండి గదా, అట్లే ఉంటాదంట."

"సాదలి ఆయమ్మ బాగుండాదా?"

కారు ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. "ఏ ఆయమ్మ? సాదలి యాడినుంచి వచ్చింది నడిమద్దెన?"

"నువ్వు శిడ్లఘట్ట దిక్కు తిరగతాండావని హేమావతి చెప్పింది. నేను రెండు దినాలు నిద్ర పోలేదు తెలుసునా? ఆయమ్మకు పండ్లు ఎన్ని ఉండాయో కూడా లెక్కేసుకున్నా."

లక్ష్మణప్ప ఆమె ముఖంలోకి చూశాడు. అది కోపమో నవ్వో తేలక, కారు పక్కకు తీసి ఆపాడు. ఎదుటి రోడ్డునే చూస్తూ చిన్న గొంతుతో మొదలుపెట్టాడు.

"మొదటి దినం చేలూరు దారిలో పని జరగతాండ్య. రోడ్డు తవ్విండ్రి. సరే, హైవే మీద పోదామని పోయినా. ఒక లారీ ముందర అడ్డం వచ్చె. దాటుదామని రొంత తొక్కినా. రొంతే. అది ఎట్ల పోయిందనుకున్నావు? సద్దు లేదు, ఊపు లేదు. లారీ యాడనో వెనక చిన్నదై పోయె. నా జీవితంలో నేను లారీని దాటింది అదే మొదలు. ఆటోలు, టెంపోలు, కడకు సైకిలోళ్ళు కూడా నన్నే దాటిపోయిరి, నేను ఎవరినీ దాటలేదు. రెండోసారి ఊరికే చూద్దామని పోయినా. ఆమీట..." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "ఆమీట అలవాటైపాయ."

హనుమక్క చెయ్యి చెంపకు ఆనించుకుని వింది. ఈ మనిషి పక్కన ఇన్నేళ్ళు పడుకుంది. ఈయన మనసులో ఒక లారీని దాటాలన్న కోరిక ఉందని ఆమెకు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేది కాదు. జాలి కలిగింది, ముద్దు కూడా వచ్చింది. అయినా వదిలిపెట్టే ఉద్దేశం మాత్రం లేదు.

"మరి నా ఏసీ మీదికి యాల తోసినావు?"

"ఏదో ఒకటి చెప్పాల గదా."

"నా గ్రైండరు?"

"అది నిజంగానే అనుకున్నా."

"సరే, జరిమానా కట్టు." ఆమె సీటు బెల్టు సరిగ్గా లాక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ముందుకు చూసింది. "ఆ బోర్డు మీద నూరు అని రాసిండారు గదా? నూరు పో. నేనూ చూడాల. దానికంటే ఒక్క చుక్క ఎక్కువ పోయినావంటే అమరేష్‌కు చెప్తా."

ఆయన నమ్మలేనట్టు చూశాడు. తర్వాత అద్దంలో వెనక వచ్చే బండ్లు చూసుకుని, రోడ్డెక్కాడు.

మొదట ఆమె తలుపు పిడి పట్టుకుని కళ్ళు మూసుకుంది. నిజమే, సద్దు లేదు. కళ్ళు తెరిస్తే రోడ్డు పక్కన రాళ్ళ గుట్టలు ఒకదాని వెనక ఒకటి తప్పుకుంటున్నాయి. ద్రాక్ష తోటలు, పూల తోటలు, బస్సు కోసం నిలబడ్డ జనం, అందరూ వెనక్కు జారిపోతున్నారు. ముందర ఇటుకల లారీ ఒకటి కనిపించింది. లక్ష్మణప్ప దీపం వేసి పక్క వరుసలోకి తీసుకుని దాన్ని నున్నగా దాటేశాడు. హనుమక్క తల తిప్పి, లారీ డ్రైవరు ముఖం కనిపించేదాకా చూసింది.

"అబ్బా!" అంది ఆమె. తర్వాత కాసేపటికి, "ఇంకో లారీ లేదా?" అంది.

ఆయన పగలబడి నవ్వాడు. అట్లా నవ్వడం ఆమె డైరీ ఎన్నికల్లో గెలిచినప్పుడు కూడా చూడలేదు. ఇంకో లారీ దొరికింది. ఒక ట్యాంకరు, రెండు బస్సులు కూడా దొరికాయి. ఈ సంబరంలో తెర మీద అంకె ఎక్కడిదాకా దిగిందో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. పేరేసంద్ర దగ్గరికి వచ్చేసరికి కారే కీచుమని చెప్పింది. వేగం దానంతట అదే తగ్గిపోయింది.

అదృష్టం, రోడ్డు పక్కన ఒక హోటలు వెనక ఛార్జింగు పెట్టె ఉంది. దగ్గరదాకా ఈడ్చుకుంటూ వచ్చారు. లక్ష్మణప్ప లావుపాటి తీగ తీసి కారుకు గుచ్చాడు. ఏమీ కాలేదు. తీసి మళ్ళీ గుచ్చాడు. ఫోనులో యాప్ తెరిచి, డబ్బు కట్టి, నంబరు కొట్టాడు. పెట్టె మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"ఇదేమి, దీనికీ అర్తింగు లేదా?" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ.

హోటలు గల్లా దగ్గర కూర్చున్నాయన అక్కడినుంచే కేకేశాడు. "ఒత్తి పట్టుకోవాలప్పా! టక్‌మనే దాకా ఒత్తండి!"

లక్ష్మణప్ప ఒత్తాడు. టక్‌మనలేదు. హనుమక్క చీర కొంగు నడుముకు దోపి, ఆయన చేతుల మీద తన చేతులు పెట్టి, భుజం ఆనించి ఒక్క తోపు తోసింది. టక్‌మంది. ఆయన మళ్ళీ నంబరు కొట్టాడు. పెట్టెలో ఏదో గుర్రుమని, అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి.

హోటలు ముందు నీడలో కూర్చుని బోండా, కాఫీ చెప్పారు. వేడి బోండా తుంచుతుండగా నయన ఫోను చేసింది.

"అత్తా, ఏం చెప్పినారు సర్వీసోళ్ళు?"

హనుమక్క భర్త వైపు చూసింది. ఆయన బోండా చేతిలో పట్టుకుని, కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"బ్యాటరీ తప్పేమీ లేదంట నయనా. తోలే మనిషికే రొంత సర్వీసు కావాలంట."

అవతల నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆగీ ఆగకుండా వస్తున్న ఆ నవ్వు విని హనుమక్కకు అప్పుడు అర్థమైంది.

"నీకు ముందే తెలుసునా?"

"మనం పోయి వచ్చిన దినం మీటరు చూసినా అత్తా. మామ పోతే వచ్చే కిలోమీటర్లు వేరే, మనం పోతే వచ్చినవి వేరే. చేలూరు దారి ఒక్కో మనిషికి ఒక్కో పొడవు ఉంటాదా? నేను అడిగితే మామకు మర్యాదగా ఉండదని, మిమ్మల్ని పంపిచ్చినా."

"దొంగముండా," అంది హనుమక్క ముద్దుగా. "ఇంట్లో ఎవరికీ చెప్పద్దు."

"సరే. ఇప్పుడు యాడ ఉండారు? ఇంకా రాలేదే?"

"పేరేసంద్రలో. బండికి మేత వేస్తాండాం."

"నిన్న చూస్తే చిక్కబళ్లాపురం పోయి వచ్చేకి సరిపడా ఉండ్య గదా అత్తా?"

హనుమక్క ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ లెక్కలన్నీ నువ్వు అడగొద్దు," అని ఫోను పెట్టేసింది.

లక్ష్మణప్ప అప్పుడు బోండా కొరికాడు. హైవే మీద బండ్లు పోతున్నాయి, వాటిని ఆయన ఒక కంట చూస్తూనే ఉన్నాడు. మరో కంట ఛార్జింగు పెట్టె మీది అంకె చూస్తున్నాడు. అది ఎనభై దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాడు.

"ఆమీట ఛార్జింగు నిదానంగా ఎక్కుతాదంట. ఇది చాలు, పోదాం పా."

హనుమక్క కదలలేదు. కాఫీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, కాళ్ళు చాపుకుని, వెనక్కు ఆనుకుంది.

"ఎక్కనీ. కూచో. ఇంకో బోండా చెప్పు."

ఆయన ఒకసారి కారు వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. గల్లా వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.